కాబోలు, ఏమో, అట : ఒక సైబర్ పరీక్ష వెనుక చరిత్ర

గడచిన సంక్రాంతికి మా మేనకోడలు హైదరాబాదు నుండి వస్తూ ఒక లావుపాటి పుస్తకాల కట్ట మోసుకొచ్చింది. పండుగ మూడు నాళ్లూ వసారాలో చాప పరచుకొని, ఆ పుస్తకాల అంచులకు రంగుకాగితపు ముక్కలు అంటిస్తూ, ఒడిలోని ల్యాప్‌టాప్‌లో ఏదో పట్టిక ఎక్కిస్తూ కూర్చుంది. అరిసెల పళ్లెం పక్కన పెట్టినా తలెత్తలేదు. ఏమిటే ఇది అని అడిగితే, "ఇండెక్సు మామయ్యా. ఈ పరీక్షకు పుస్తకాలు పట్టుకెళ్లనిస్తారు. కాని అక్కడ వెతుక్కొనే తీరిక ఉండదు. ఏ మాట ఏ పుటలో ఉందో ముందే అకారాదిగా రాసుకోవాలి" అన్నది.

ముప్పది అయిదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. చీటీ ముక్క దొరికితే డిబారు చేసే పరీక్షలే నాకు తెలుసు. పుస్తకాలు తెరచి రాసే పరీక్ష ఏపాటి పరీక్ష అనిపించింది. అయినా అకారాది క్రమం అన్న మాట చెవిన పడేసరికి, నిఘంటువులతో పొద్దుపుచ్చిన ప్రాణం గనుక, చాప మీద ఒక పక్కన చేరాను. మూడు రోజులలో ఆ పుస్తకాలలోని సాంకేతిక భాగం నాకేమీ అంటలేదు గాని, వాటి వెనుకనున్న చరిత్ర మాత్రం మనసుకు పట్టుకున్నది. ఎందుకు పట్టుకున్నదో చివర చెబుతాను.

ముందుగా ఆ విద్య ఏమిటో నాకర్థమైనంత మేరకు చెబుతాను. దానిని సైబర్ థ్రెట్ ఇంటెలిజెన్స్ అంటారు. కంప్యూటర్లలోకి దొంగ ప్రవేశించినప్పుడు తలుపు మూయడం ఒక పని. ఆ దొంగ ఎవడు, ఎవరి పంపున వచ్చాడు, ఏమి కోరి వచ్చాడు, మళ్లీ ఏ దారిన వస్తాడు అని ఆనవాళ్లను బట్టి నిర్ణయించి యజమానికి నివేదించడం మరొక పని. మా అమ్మాయిది ఈ రెండవ పని. ఆమె సిద్ధమవుతున్నది అమెరికాలోని సాన్స్ సంస్థవారి శిక్షణకు అనుబంధంగా, జియాక్ అనే విభాగంవారు పెట్టే జి.సి.టి.ఐ. పరీక్షకు. శిక్షణకు రుసుము ఎనిమిది వేల డాలర్లకు పైమాటే. కంపెనీ కట్టింది గాబట్టి సరిపోయింది. పట్టా కూడ నాలుగేండ్లకే చెల్లుతుందట, తరువాత పునరుద్ధరించుకోవాలట. నా భాషాప్రవీణ పట్టాకు అలాటి గడువు లేకపోవడం నా అదృష్టమో, నా విద్యార్థుల దురదృష్టమో!

ఆమె ఇండెక్సులో నన్ను ఆపినవి యంత్రాల పేర్లు కావు. 'సంభావ్యతను చెప్పే మాటలు' అనే అర్థం వచ్చే ఒక ఆరోపం, దాని పక్కన షెర్మన్ కెంట్ అనే పేరు. కంప్యూటరు దొంగల పుస్తకంలో మాటల అర్థాన్ని గురించిన అధ్యాయమేమిటని అడిగాను. "అదే అసలు పాఠం మామయ్యా, మిగతావన్నీ పనిముట్లు" అన్నది.

షెర్మన్ కెంట్ యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యుడు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా గూఢచార సంస్థలోని పరిశోధన విభాగంలో చేరాడు. 1949లో వ్యూహాత్మక సమాచారాన్ని గురించి పుస్తకం రాశాడు. ఆపై సి.ఐ.ఎ.లో జాతీయ అంచనాలు తయారుచేసే కార్యాలయానికి వచ్చి, 1952 నుండి 1967 వరకు దానికి అధిపతిగా ఉన్నాడు. ఆయన కథలో ముఖ్యఘట్టం 1951 మార్చిలో జరిగింది. అప్పటికి మూడేండ్ల క్రితమే యుగోస్లావియా నాయకుడు టిటోకు, స్టాలిన్‌కు చెడింది. సోవియట్ కూటమి ఆ దేశం మీద పడుతుందా అన్నది ప్రశ్న. కెంట్ బృందం పరిశీలించి, ఆ యేడు దాడి జరగడాన్ని 'తీవ్రమైన అవకాశం'గా పరిగణించాలని రాసింది. కొన్నాళ్లకు విదేశాంగ శాఖలో విధానాలు రూపొందించే విభాగాధిపతి కెంట్‌ను కలసి, ఆ మాటకు మీ లెక్కలో ఎంత అని మాటవరసకు అడిగాడు. నూటికి అరువదియైదు పాళ్లు దాడి జరుగుతుందనే నా ఉద్దేశం అన్నాడు కెంట్. ఆయన ఉలిక్కిపడ్డాడు. తానూ తన సహచరులూ దానిని అంతకన్న చాల తక్కువగా అర్థం చేసుకున్నారట.

కెంట్‌కు నిద్ర పట్టలేదేమో! తిరిగి వెళ్లి, ఆ వాక్యానికి ఆమోదముద్ర వేసిన తన సహచరులనే ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకరు నూటికి ఇరవై అన్నారు, ఒకరు ఎనభై అన్నారు. మిగిలినవారు ఆ నడుమ ఎక్కడెక్కడో ఉన్నారు. అందరూ ఒకే వాక్యం కింద సంతకం చేశారు, ఒక్కరి మనసులోని అర్థం మరొకరి మనసులో లేదు! యుద్ధమా కాదా అన్న విషయంలో ఇంత ఎడం.

ఆ అనుభవం నుండి ఆయన ఒక పట్టిక కట్టాడు. దాదాపు ఖాయం అంటే నూటికి తొంబదిమూడు, ఆరు అటు ఇటుగా. సంభావ్యం అంటే డెబ్బదియైదు, పన్నెండు అటు ఇటుగా. సగానికి సగం అంటే యాభై. బహుశా కాదు అంటే ముప్పై. దాదాపు కాదు అంటే ఏడు. 1964లో సి.ఐ.ఎ. వారి ఆంతరంగిక పత్రికలో ఈ విషయమై వ్యాసం రాశాడు. అందులో తనతో ఏకీభవించనివారిని ఆయన 'కవులు' అన్నాడు, తనవంటివారిని 'గణితజ్ఞులు' అన్నాడు. కవులకు మాటను సంఖ్యతో కట్టివేయడం గిట్టదు, భాష అంత కచ్చితమైనది కాదంటారు. ఆ పోరులో కవులే చాలకాలం నెగ్గారు. నేను పుట్టుకచేతా వృత్తిచేతా కవుల పక్షంవాణ్ణే గాని, ఈ ఒక్క తావున కెంట్ పక్కన నిలబడక తప్పలేదు.

ఎందుకంటే నేనూ ఒక పరీక్ష చేశాను. ఉదయం చెరువుగట్టు మీద నడిచే రిటైరైన మేస్టర్లం నలుగురం. "డి.ఏ. బకాయిలు వచ్చే నెల పడతాయి కాబోలు" అని ఒక వాక్యం చెప్పి, ఇందులో 'కాబోలు'కు నూటికెంత అని అడిగాను. లెక్కల మేస్టారు ఎనభై అన్నారు. సాంఘికశాస్త్రం ఆయన యాభై అన్నారు. వ్యాయామోపాధ్యాయులు పది అన్నారు. ఆయన బకాయి అందరికన్న పాతది.

మన భాషలో ఇటువంటి మాటలు ఎన్ని లేవు! కాబోలు, ఏమో, బహుశః, తప్పక, కాకపోదు, అయివుండవచ్చు. వీటన్నిటికన్న నాకు ఆశ్చర్యం కలిగించేది 'అట'. 'వాడు వచ్చాడు' అంటే చెప్పినవాడే పూచీదారు. 'వాడు వచ్చాడట' అంటే పూచీ మరొకరిది. ఒక్క అక్షరంతో సమాచారానికి ఆకరం మారిపోతుంది. మా అమ్మాయి పుస్తకాలలో ఇదే పనికి ఒక కొలమానమున్నది. బ్రిటిష్ నౌకాదళం వాడుకలో పుట్టి నాటో దేశాలకు పాకినది. చెప్పినవాడు ఎంత నమ్మదగినవాడో ఒక అక్షరం, చెప్పిన విషయం ఎంత నమ్మదగినదో ఒక అంకె. రెండిటినీ విడదీసి వేస్తారు. నమ్మకస్థుడు పొరబడవచ్చు, అబద్ధాలకోరు నిజం చెప్పవచ్చు గనుక.

ఇది చదువుతుంటే కౌటిల్యుడు గుర్తుకు రాకుండ ఉంటాడా! ముగ్గురు చారులు వేర్వేరుగా తెచ్చిన వార్త ఒకటైతేనే నమ్మమని అర్థశాస్త్రం చెబుతుంది. ఆ చారులు ఒకరినొకరు ఎరుగకుండ ఉండాలని కూడ చెబుతుంది. చాలమంది మొదటి నియమాన్నే తలచుకుంటారు. నిజానికి ప్రాణం రెండవదానిలో ఉన్నది. ఎరిగున్న ముగ్గురు చెబితే అది ముగ్గురి సాక్ష్యం కాదు, ఒక్కడి సాక్ష్యానికి మూడు ప్రతులు. 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఇరాక్ సంచార జీవాయుధశాలలను గురించి చెప్పినదానికి ప్రధానాధారం 'కర్వ్‌బాల్' అనే గుప్తనామం గల ఒక్క ఇరాకీ శరణార్థి. తాను చెప్పినది అబద్ధమని అతడే 2011లో ఒప్పుకున్నాడు. ఆ భంగపాటు తరువాతనే అమెరికా గూఢచార వ్యవస్థ మొత్తానికి విశ్లేషణ ప్రమాణాలను 2007లో ఆదేశంగా ఇచ్చారు. 2015లో దానిని సవరిస్తూ, సంభావ్యతా పదాలకు అంకెలు కూడ చేర్చారు. కెంట్ గతించిన ఎంతో కాలానికి గణితజ్ఞులు గెలిచారన్నమాట.

కెంట్ మాత్రం తప్పు చేయనివాడా? 1962 సెప్టెంబరులో క్యూబాలో సోవియట్‌వారు క్షిపణులు పెట్టే అవకాశం తక్కువ అని ఆయన కార్యాలయమే అంచనా ఇచ్చింది. నెల తిరగకుండ అక్టోబరు 14న విమానం తీసిన ఛాయాచిత్రాలలో ఆ క్షిపణులు కనబడ్డాయి. 2000లో సి.ఐ.ఎ. తన విశ్లేషకుల శిక్షణకు పెట్టిన బడికి ఆయన పేరే పెట్టింది. నాకిది బాగున్నదనిపించింది.

ఇండెక్సులో తరువాత వచ్చిన పేరు రిచర్డ్స్ హ్యూయర్. తత్త్వశాస్త్రం చదివి 1951లో సి.ఐ.ఎ.లో చేరినవాడు. 1999లో అచ్చయిన ఆయన పుస్తకం మనిషి మనసు తనను తాను ఎలా మోసగించుకుంటుందో చెబుతుంది. మనం మొదట ఒక నిర్ణయానికి వచ్చి, ఆపై దానికి సాక్ష్యాలు ఏరుకుంటాం. హ్యూయర్ పద్ధతి దీనికి తలకిందులు. ముందుగా సాధ్యమైన ఊహలన్నీ ఒక వరుసలో రాయాలి. దొరికిన ఆధారాలన్నీ మరొక వరుసలో రాయాలి. ఏ ఆధారం ఏ ఊహకు పొసగదో గుర్తించాలి. ఎక్కువ ఆధారాలు బలపరచిన ఊహ గెలవదు, తక్కువ ఆధారాలు కాదన్న ఊహ నిలుస్తుంది. మన నైయాయికులు సంశయానికి చెప్పే ఉదాహరణ ఇటువంటిదే. మసకచీకటిలో నిలువుగా ఏదో కనబడుతుంది. స్థాణువా, పురుషుడా? నిలువుగా ఉండడం రెండిటికీ సరిపోతుంది గనుక ఆ ఆధారం పనికిరాదు. ఒకదానికి పొసగి మరొకదానికి పొసగనిదే పనికివచ్చే ఆధారం.

హ్యూయర్ 1987లో యూరీ నొసెంకో ఉదంతాన్ని విశ్లేషిస్తూ రాశాడు. నొసెంకో 1964లో అమెరికావైపు వచ్చి చేరిన సోవియట్ గూఢచారి. ఇతడు శత్రువు కావాలని పంపినవాడేనని కొందరు ముందే నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయంతో అతణ్ణి మూడేండ్లకు పైగా, విచారణ లేకుండ, ఏకాంతంలో బంధించారు. చివరికి అతడు నిజమైనవాడేనని సంస్థ తేల్చి, విడిచిపెట్టి, సలహాదారుగా పెట్టుకున్నది. ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు లేచి వెళ్లాను.

పద్ధతి ఉన్నంత మాత్రాన పని నెరవేరదు. బ్రిటన్‌లో విశ్లేషకులకు ఈ హ్యూయర్ పద్ధతి నేర్పి, పని ఇచ్చి చూచిన పరిశోధన 2019లో ప్రకటితమైంది. నేర్చినవారు కూడ మెట్లన్నీ పాటించలేదనీ, ముందస్తు నమ్మకం వైపు మొగ్గు తగ్గినట్టు గట్టి ఆధారం లేదనీ తేలింది. ఛందస్సు నేర్చినవాళ్లందరూ పద్యం రాస్తారా?

ఇక కంప్యూటర్ల లోకానికి ఈ విద్య చేరిన వైనం. 1986 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కంప్యూటరు లెక్కలలో డెబ్బదియైదు సెంట్ల తేడా వచ్చింది. దాని సంగతి చూడమని క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళశాస్త్రజ్ఞుణ్ణి పెట్టారు. శిక్షణ లేదు, పట్టా లేదు. ఆయన చేసిందల్లా పరీక్షాగదిలో వలె ప్రతి గమనికనూ తేదీ, వేళలతో నోటుపుస్తకంలో రాసుకోవడం, ఆగంతకుడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ ముద్రించి పెట్టుకోవడం. చివరికి దొంగ పడమటి జర్మనీలో కూర్చొని సోవియట్ గూఢచార సంస్థకు సమాచారం అమ్ముకుంటున్నట్టు తేలింది. 1989లో స్టోల్ రాసిన పుస్తకాన్ని ఈ రంగంవారు నేటికీ చదువుతారట. అదే యేడు సాన్స్ పుట్టింది. జియాక్ పరీక్షలు 1999లో మొదలయ్యాయి. 2011లో లాక్‌హీడ్ మార్టిన్ సంస్థవారు దాడిని ఏడు మెట్లుగా విభజించి చూపారు. 2013లో మాండియంట్ అనే సంస్థ, షాంఘైలోని ఒక చైనా సైనిక విభాగాన్ని పేరుపెట్టి వేలు చూపుతూ నివేదిక ప్రచురించింది. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు, తమ బ్యాంకులకు ఇటువంటి పరిశీలన చేసిపెట్టేవారికి గుర్తింపు ఉండాలన్నది. క్రెస్ట్ అనే సంస్థ పరీక్షలు పెట్టింది. అప్పటి నుండి పట్టాలకు గిరాకీ. మన దేశంలో సెర్ట్-ఇన్ 2004లో మొదలై, 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలలో, దాడి కనబడిన ఆరు గంటలలో తమకు తెలియజేయాలన్నది. ఏదో జరిగిందని ఆరు గంటలలో చెప్పవచ్చు. ఎవరు చేశారో ఆరు నెలలకూ చెప్పలేకపోవచ్చు. కాని యజమాని అడిగేది రెండవదే అంటుంది మా అమ్మాయి.

ఎవరు చేశారన్నదాన్ని నేను కర్తృత్వ నిర్ణయం అంటాను. తెలుగు సాహిత్యంలో ఈ వివాదాలు మనకు కొత్తవి కావు. క్రీడాభిరామం పీఠికలో కర్తగా వినుకొండ వల్లభరాయని పేరే ఉన్నది. కాని శైలి చూచి, పదబంధాలు చూచి, అది శ్రీనాథునిదే అన్నారు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు. కాదన్నవారూ గట్టివారే. గ్రంథం మీది పేరును నమ్మాలా, లోపలి పలుకుబడిని నమ్మాలా?

సరిగ్గా ఇదే ప్రశ్న 2018 ఫిబ్రవరి 9న దక్షిణ కొరియాలోని ప్యోంగ్‌చాంగ్‌లో ఎదురైంది. శీతకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జరుగుతుండగా కంప్యూటర్లు కూలాయి. వైఫై పోయింది, వెబ్‌సైటు పోయింది, టిక్కెట్లు అచ్చు కాలేదు. ఆ దాడి చేసిన మాల్‌వేర్‌ను విప్పిచూస్తే కొన్ని పోలికలు చైనావైపు, కొన్ని ఉత్తరకొరియావైపు చూపాయి. విండోస్ ప్రోగ్రాములలో, దానిని ఏ పరికరాలతో కూర్చారో తెలిపే చిన్న గుర్తు ఒకటి దాగి ఉంటుందట. మన కావ్యాలలో ఆశ్వాసాంత గద్య వంటిది. ఆ గుర్తు ఉత్తరకొరియా ముఠా పాత ప్రోగ్రాముతో అచ్చంగా సరిపోయింది. ఇంకేమి కావాలి? కాని కాస్పర్‌స్కీ పరిశోధకులు గద్యను నమ్మక లోపలి పాఠం చూచారు. గుర్తు చెప్పే పరికరం పాతకాలపుది. లోపలి ప్రోగ్రాము పేర్కొన్న అంశం ఆ పరికరం నాటికి పుట్టనే లేదు. అంటే ఎవరో మరొకరి గద్యను తెచ్చి తమ ప్రోగ్రాముకు అతికించారు. 2020 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ ఈ దాడితో సహా పలు దాడులకు ఆరుగురు రష్యా సైనిక గూఢచార అధికారుల మీద అభియోగాలు మోపింది. ఆ మొదటి వారంలోనే గుర్తును నమ్మి ఎవరైనా ఉత్తరకొరియా మీద నిస్సందేహంగా అని రాసి ఉంటే?

ఆ మాట నేను రాశాను. ఒలింపిక్స్ గురించి కాదు.

1991 అర్ధసంవత్సర పరీక్షలు. పదవ తరగతి జవాబుపత్రాలు దిద్దుతున్నాను. ఇద్దరు పిల్లల జవాబులలో నాలుగు వాక్యాలు అక్షరం తేడా లేకుండ ఒకటే. ఇద్దరూ నాచన సోమన ఉత్తరహరివంశాన్ని ఎఱ్ఱనకు కట్టబెట్టారు. తప్పు కూడ ఒకటే! ఒకడు బియ్యపు మిల్లువారి అబ్బాయి, మొదటి బల్ల, మంచి మార్కులు. రెండవవాడు చేనేత పనివారి పిల్లవాడు, వెనుక బల్ల. ఎవరు ఎవరిని చూచి రాశారో నాకు క్షణం కూడ సందేహం కలుగలేదు. రెండవవాడి కాగితం మీద ఎర్రసిరాతో 'చూచిరాత, నిస్సందేహం' అని రాసి, సున్న వేసి, ఉదయం ప్రార్థన వేళ అందరి ముందు నిలబెట్టాను. "నేను చూళ్లేదండీ మేస్టారూ" అన్నాడు రెండుసార్లు. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు.

నాలుగైదేండ్ల తరువాత ఒకరి ఇంట ఒక ట్యూషను నోట్సు కంటబడింది. తిరగేస్తే ఆ నాలుగు వాక్యాలూ ఉన్నాయి, ఎఱ్ఱన కూడ ఉన్నాడు. ఊళ్లో ట్యూషను చెప్పే ఆయన చెప్పి రాయించినది. మిల్లువారబ్బాయి డబ్బు కట్టి నేర్చుకున్నాడు. రెండవవాడు ఎవరిదో అరువు తెచ్చుకొని, రాత్రి మగ్గం పక్కన కూర్చొని చేతిరాతతో ఎక్కించుకొని, కంఠస్థం చేశాడు. ఒకే ఆకరానికి రెండు ప్రతులు. పాఠాలలో ప్రతుల సాదృశ్యం గురించి చెప్పే పండితుడికి ఆ ఊహ తట్టలేదు. పరీక్షనాడు వాడి బల్ల ఏ వరుసలో ఉన్నదో కూడ నేను చూడలేదు. తరువాత లెక్కవేసుకుంటే రెండు వరుసల దూరం. ఆ ఒక్క ఆధారం నా ఊహకు పొసగదు.

మా అమ్మాయితో ఇది చెప్పాను. ఆమె కొంతసేపు ఊరుకొని, "మామయ్యా, పరీక్షలో హ్యూయర్ పద్ధతిలో మెట్లేమిటని అడుగుతారు గాని, మనం రాసిన మాట ఎవరి మీద పడుతుందో అడగరు" అన్నది. ఫాల్గుణంలో ఆమె పరీక్ష రాసి ఉత్తీర్ణురాలైంది. ఇండెక్సు ప్రతి ఒకటి నాకు పంపింది. అందులో తెలుగు మాటలకు ఒక పుట వదలి, కెంట్ పట్టిక పక్కన మనవి వేసి పంపమన్నది. తప్పక, దాదాపుగా, సగంపాళ్లు వేశాను. 'కాబోలు' దగ్గర ఖాళీ వదిలాను.

ఆ పిల్లవాడి కోసం నోట్సు చూచిన యేడే వాళ్ల ఊరు వెళ్లి విచారించాను. ఇల్లు తాళం వేసి ఉన్నది. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే పని నేర్చుకున్నాడట. బాగానే ఉన్నాడట, తరువాత సొంత షెడ్డు కూడ వేసుకున్నాడట. ఇద్దరు చెప్పారు. ఆ ఇద్దరూ వేర్వేరుగా విన్నారో, ఒకరి దగ్గరే విన్నారో అడగడం అప్పుడు నాకు తోచలేదు.